గుంజల తీర్పు

కోపం పాతబడితే చల్లారుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. వాళ్లకు ఎన్నడూ కోపం వచ్చి ఉండదు, చిరాకు వచ్చి ఉంటుంది. డాక్టర్ భ్రమరాంబకు వచ్చినది కోపం. ఏళ్లు గడిచే కొద్దీ అది ఊరగాయలా ఊరిందే గాని తగ్గలేదు. ఆ కోపంతోనే ఆవిడ గుంజను కనిపెట్టింది.

ల్యాబు కాకినాడ నుంచి సామర్లకోట వెళ్లే దారిలో ఉంది. కాగితాల మీద దాని పేరు రక్షక స్తంభమే గాని, పని చేసేవాళ్లందరూ గుంజ అనేవారు. ఆవును కట్టేసే గుంజ లాంటిదే, నడుమెత్తున ఉంటుంది, ఉక్కుతో చేసింది. జనం గుమిగూడే చోట్ల, ఆసుపత్రుల ముందు, కోర్టుల ముందు వరసగా పాతితే బండి ఏదీ లోపలికి దూసుకు రాకూడదు. ఆ మాత్రం గుంజలు దేశంలో చాలానే ఉన్నాయి. భ్రమరాంబ గుంజకు మాత్రం చెవులుండేవి.

ప్రయోగం రోజున తుక్కు కింద కొన్న లారీ ఒకటి తెచ్చారు. డ్రైవరు సీట్లో గడ్డి కూరిన గోనెసంచి బొమ్మను కూర్చోబెట్టి, తలకాయకు బదులు హెల్మెట్‌లో కొబ్బరిబొండం పెట్టారు. తాడు బిగించి లాగేసరికి లారీ దడదడలాడుతూ వచ్చి గుంజల వరసను గుద్దింది. గుంజలు విరగలేదు, ఎదురు నిలవలేదు. తడిసిన మట్టిలా ఒంగుతూ, ఒంగుతూ, లారీని మీదికి ఎక్కించుకుని మూలుగుతూ ఆపేశాయి. బొండం చెక్కు చెదరలేదు. మళ్లీ గుంజలు నిటారుగా నిలబెట్టి, ఇంకో తుక్కు లారీని అంతే వేగంగా వదిలారు. ఈసారి మీట మార్చారు, గుంజలు రాయైపోయాయి. లారీ మూతి కేబిన్ లోపలికి వెళ్లిపోయింది. బొండం కోసం వెతికితే హెల్మెట్ మాత్రం దొరికింది.

గుంజ కడుపులో ఇనుప బురద ఉంటుంది. కరెంటు పారితే రాయి, పారకపోతే పిండిముద్ద. ఎప్పుడు రాయి కావాలో, ఎప్పుడు ముద్ద కావాలో అది తనంతట తాను తేల్చుకుంటుంది. దాని ముందర రోడ్డు కింద పరిచిన పలక, పైన వచ్చే బండి ఇంజను అదురును వింటుంది. ఇంజను అదురులో డ్రైవరు కాలు వినిపిస్తుంది. కాలు జారి తొక్కినవాడిదైతే గుంజ ఒంగి వాణ్ని కాపాడుతుంది. వెనక ఖాళీ జాగా వదిలి పెడతారు కాబట్టి ఎవరికీ దెబ్బ తగలదు. కావాలని వచ్చేవాడు అలా కాదు, ఒంగిన గుంజ మీద నుంచి కూడా జనం లోకి తొక్కుకుంటూ పోతాడు. వాడికి రాయే మందు.

చూసిన పెద్దాఫీసర్లు చప్పట్లు కొట్టారు. భ్రమరాంబ మాత్రం చితికిన కేబిన్ దగ్గరే నిలబడి, లోపలికి తొంగి చూస్తూ ఉండిపోయింది. ఆ సీట్లో ఆవిడకు గోనెసంచి కనబడలేదు. శ్రీకర్ కనబడ్డాడు.

శ్రీకర్ లారీల కంపెనీ వాళ్ల అబ్బాయి. భ్రమరాంబ కూతురు హిమజ కాలేజీ గేటు ముందు చెరుకురసం బండి దగ్గర నిలబడి ఉన్నప్పుడు, రోడ్డు పక్కన ఆగి ఉన్న అతని కారు ఉన్నట్టుండి ఎగిరి వచ్చి ఆ పిల్లను గోడకు అదిమేసింది. అంతకు ముందే పార్కింగ్ గురించి అతనికీ గేటు దగ్గర వాచ్‌మన్‌కీ మాటా మాటా పెరిగింది. గేటు ముందు ఇనుప గుంజలు పేరుకు ఉన్నాయి. జానెడు లోతున పాతినవి, కారు తగలగానే ములక్కాడల్లా పడిపోయాయి. కోర్టులో శ్రీకర్ ఒకటే మాట చెప్పాడు, బ్రేకనుకుని తొక్కాను, కాలు జారింది అని. అజాగ్రత్త అని చిన్న శిక్ష వేశారు. అనుభవించి వచ్చేశాడు.

ఆ మాటను భ్రమరాంబ మింగలేదు, కక్కలేదు. కాలు జారిందట. బిడ్డ చచ్చిపోతే చెప్పే మాటేనా అది? అతని పెళ్లి రోజున కల్యాణమండపం గేటు దగ్గరికి వెళ్లి, అప్పుడే కారు దిగుతున్న పెళ్లికూతురి కళ్ల ముందే గుప్పెడు మన్నెత్తి పోసి, నా ఇల్లు చీకటి చేసినవాడి ఇంట దీపం నిలవదని శపించి వచ్చింది. అంత చదువుకున్న మనిషి ఇదేం పని అని ఊరు నోరు నొక్కుకుంది. చదువుకూ కడుపుకోతకూ సంబంధం ఏమిటో ఆ నోరు నొక్కుకున్నవాళ్లే చెప్పాలి.

గుంజకు చెవులు పెట్టింది ఆ శ్రీకర్ కోసమే. కారులోని కంప్యూటరు ఆఖరి క్షణాల్లో ఇంజను ఎలా అదిరిందో దాచి ఉంచింది. కోర్టు నుంచి దాని నకలు భ్రమరాంబ ఎప్పుడో సంపాదించుకుంది. గుంజకు వందల మంది కాళ్ల అదురు వినిపించి నేర్పారు. నేర్పడం పూర్తయిన రోజున, తోటి శాస్త్రవేత్త దేవదానం చేతికి ఆ నకలు ఇచ్చి, ఇది కూడా వినిపించండి అంది. ఎవరిదో చెప్పలేదు. చెప్పక్కర్లేదు, దేవదానానికి తెలుసు.

యంత్రం విన్నది. జారిన కాలు అని చెప్పింది.

"మళ్లీ వెయ్యండి," అంది భ్రమరాంబ.

మళ్లీ అదే చెప్పింది. దేవదానం తెర మీద గీతను చూపించి నెమ్మదిగా విడమరిచాడు. కావాలని తొక్కే కాలు తిన్నగా దిగుతుందట. జారిన కాలు బ్రేకే అనుకుని అదుముతుంది, బండి ఆగకపోయేసరికి బెదిరిపోయి ఇంకా అదుముతుంది, ఆ బెదురుకు సన్నటి వణుకు ఉంటుంది. ఇదిగో ఇక్కడ ఆ వణుకు.

భ్రమరాంబ ఆ గీతను చాలాసేపు చూసింది. నిజం ఎదురుగా వచ్చి కూర్చుంటే మనిషి రెండే పనులు చేస్తాడు, లేచి దండం పెడతాడు, లేదా లేచి తలుపేస్తాడు.

"కసితో ఊగిపోయేవాడికి కాలు వణకదా దేవదానం గారూ?" అంది. "కోర్టులో వాణ్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లంతా వణికేది. నేను వాణ్ని పొరపాటున చూశానా?"

అంటూనే వణుకు లెక్క ఉన్న మీటను జరపడం మొదలుపెట్టింది. ఏ మాత్రం వణుకును బెదురు అనాలో, ఏ మాత్రాన్ని కసి అనాలో తేల్చే మీట అది. కొంచెం జరిపి యంత్రాన్ని అడిగింది, జారిన కాలే అంది. ఇంకొంచెం జరిపింది. చివరికి తెర మీద 'కావాలనే' అని వచ్చాక చెయ్యి తీసింది.

"రేపు ఇంకెవరి కాలైనా నిజంగానే జారితే, అమ్మా?" అని అడిగాడు దేవదానం. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే మనిషి.

"ఇంకెవరి కూతురో బతుకుతుంది," అంది.

ఆ లెక్కను తన వేలిముద్రతో బిగించేసింది. మార్చాలంటే ల్యాబుకు వచ్చి ఆవిడే మార్చాలి. దేవదానం ఇంకో విభాగానికి మారిపోయాడు. పైవాళ్లకు చెప్పొచ్చుగా అంటారేమో. కూతురు పోయిన తల్లి మీద ఫిర్యాదు చెయ్యడానికి అతనికి నోరు రాలేదు. మంచితనం కూడా ఒక్కోసారి గోతులు తవ్వుతుంది.

ఇంటి దగ్గర భర్త రామగోపాలం ఉన్నాడు, పశువుల డాక్టరు. కూతురు పోయాక ఆయన మాట తగ్గింది, ఓపిక పెరిగింది. ఆ ఆదివారం భ్రమరాంబ దోసకాయ పచ్చడికి మిరపకాయలు వేయిస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నిన్న లారీల వాళ్ల గేదెకు వైద్యానికి పిలిస్తే వెళ్లానని చెప్పాడు. భ్రమరాంబ గరిటె ఆగింది.

"ఎలా వెళ్లారండీ ఆ గుమ్మంలోకి?"

"గేదె ఏం చేసింది భ్రమరా? ఈనలేక చచ్చిపోతోంది." గుమ్మానికి చెయ్యి ఆనించి, "ఆ అబ్బాయి కనబడ్డాడు. గేదెను నాతోపాటు పట్టుకుని కూర్చున్నాడు. నీకొక మాట చెప్పాలి. వాడు అప్పట్నించీ..."

భ్రమరాంబ మిరపకాయలు మిక్సీలో పోసి మీట నొక్కింది. రామగోపాలం పెదాలు ఇంకా కదులుతున్నాయి. పచ్చడి మెత్తగా నూరుకుపోయినా ఆవిడ ఆపలేదు. ఆయన చెప్పడం ముగించి, ఆవిడ వినలేదని తెలిసి, గుమ్మం దిగి వెళ్లిపోయాడు. ఆ పూట పచ్చడి ఎవరూ నోట పెట్టలేకపోయారు.

మొదటి గుంజలు ఎక్కడ పాతాలని ప్రభుత్వం అడిగితే, భ్రమరాంబ పెదగట్టు ఆంజనేయస్వామి గుడి పేరు చెప్పింది. కారణం చెప్పడం తేలికే. చుట్టుపక్కల ఎవరు కొత్త బండి కొన్నా పూజకు ఆ గుడికే తీసుకొస్తారు. గుడి ముందు బండ్లు, వాటికి ఎదురుగానే దర్శనం క్యూ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పూజారి పోనివ్వమనగానే తొక్కిస్తారు. కొత్త బండి, కొత్త చెయ్యి, పైగా చుట్టాలందరూ చూస్తుంటారు, నిమ్మకాయ చితికిన చప్పుడు వినబడాలని కాస్త గట్టిగానే నొక్కుతారు. ఒకటి రెండుసార్లు బండి క్యూ దాకా వచ్చేసిందట. కాబట్టి గుంజలు కావలసిన చోటే. ఆఫీసర్లు భేష్ అన్నారు.

అసలు కారణం వేరే. లారీల వాళ్ల ఇంట్లో ఏ బండి కొన్నా పెదగట్టులో నిమ్మకాయలు తొక్కించకుండా షెడ్డు ముఖం చూపించరు. ఈ రోజు కాకపోతే రేపు, శ్రీకర్ ఆ గుంజల ముందుకు రాక తప్పదు. ఒకసారి తొక్కినవాడు మళ్లీ తొక్కుతాడు. అప్పుడు కాలు జారిందని గుంజకు చెప్పుకోమను.

మంగళవారం బండి పూజలు ఎక్కువ. ప్రతి మంగళవారం భ్రమరాంబ తనిఖీ వంకతో గుడికి వెళ్లి ప్రసాదాల కౌంటరు పక్కన కూర్చునేది. పొద్దు ఎక్కేదాకా కొత్త బండ్లు వచ్చేవి, నిమ్మకాయలు చితికేవి, బండ్లు మెల్లగా వెనక్కి తిరిగి పోయేవి. గుంజలకు పనే పడలేదు. పగ పట్టిన పాముకున్నంత ఓపిక ఉండేది ఆవిడకు. ఆకలి కూడా తెలిసేది కాదు.

శ్రావణంలో ఒక మంగళవారం వాళ్లు వచ్చారు. ముందు కారులో శ్రీకర్ తల్లి, చుట్టాలు. వెనక డ్రైవరు తోలుకొచ్చిన కొత్త కారు, బానెట్ మీద బంతిపూల దండ. శ్రీకర్ కొబ్బరికాయ పట్టుకుని దిగాడు. మనిషి సన్నబడ్డాడు. అతని భార్య కుందన పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నవ్వుతూ దిగింది. భ్రమరాంబకు లోపల పండగలా ఉంది. హిమజ పోయాక అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నది అప్పుడే. ఒసే హిమా, చూడవే అనుకుంది.

పూజారి బానెట్ మీద పసుపుకుంకాలతో స్వస్తిక్ వేశాడు, హారతి ఇచ్చాడు, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. శ్రీకర్ కాయ కొట్టాడు. డ్రైవరు తాళాలు తెచ్చి ఇచ్చాడు. శ్రీకర్ వాటిని కళ్లకద్దుకుని, భార్య చేతిలో పెట్టి, వెళ్లి తల్లి పక్కన నిలబడ్డాడు.

కుందన స్టీరింగ్ ముందు కూర్చుని ఇంజను స్టార్ట్ చేసింది.

"అదేమిటి? ఆ అబ్బాయి నడపడా?" భ్రమరాంబ కౌంటరులో కుర్రాణ్ని అడిగింది.

"ఆయనా? ఆయన బండి ముట్టడండి. ఆ కాలేజీ గొడవ జరిగింది చూడండి, అప్పట్నించీ స్టీరింగ్ ముట్టుకోనని ఒట్టేసుకున్నాడంట. ఊళ్లో ఎక్కడికైనా కాలినడకేనండి. ఈ కారు ఆవిడ కోసవేనంట, కొత్తగా నేర్చుకున్నారు."

మిక్సీ హోరులో రామగోపాలం చెప్పిన మాట ఇదే. ఇది వినకూడదనే ఆవిడ మీట నొక్కింది.

భ్రమరాంబ లేచింది. ల్యాబుకు వెళ్లి లెక్క మార్చే వ్యవధి ఎక్కడిది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. చెప్పులు అక్కడే వదిలేసి, ఆ పిల్లను బండి దించాలని పరుగెత్తింది. దిగమ్మా, బండి దిగు అని అరుస్తూ, చెయ్యి చాపుకుంటూ పరుగెత్తింది.

ముందు చూసింది శ్రీకర్ తల్లి. "మళ్లీ వచ్చిందిరా మన్ను పొయ్యడానికి. పట్టుకోండి దాన్ని," అంది. మగాళ్లిద్దరు భ్రమరాంబ రెక్కలు పట్టుకున్నారు. గుంజలు, గుంజలు అని ఆవిడ ఏదో చెప్పబోయింది. పెళ్లినాడు శాపనార్థాలు పెట్టిన నోరు, శుభమా అని పూజ జరుగుతుంటే ఇంకేం మాట్లాడుతుందనుకుంటారు? ఒకడు ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. తప్పని ఎలా అంటాం.

కుందన తల తిప్పి చూసింది. పెళ్లినాడు తన కళ్ల ముందే మన్నెత్తి పోసిన మనిషి జుట్టు విరబోసుకుని, పట్టుకున్నవాళ్లను ఈడ్చుకుంటూ తన మీదికే వస్తోంది. బెదిరిపోయింది. కాలు బ్రేకు కోసం వెతికింది, దొరికిందనుకుని అదిమింది. కారు ఎగిరింది. నిమ్మకాయలు చితికిన చప్పుడు కూడా వినబడలేదు. బండి ఆగకపోయేసరికి ఆ పిల్ల ఇంకా అదిమింది.

గుంజలు విన్నాయి. ఆ కాలులో సన్నటి వణుకు విన్నాయి. వాటికి నేర్పిన లెక్క ప్రకారం అది కసి. రాయైపోయాయి.

క్యూలో ఉన్నవాళ్లలో ఒక్కరికి గీత పడలేదు. సాయంత్రానికి ల్యాబు డైరెక్టరు ఫోను చేసి, మన గుంజలు గెలిచాయండీ అన్నాడు. పోలీసులు అడిగితే యంత్రం ఏం తేల్చిందో ఆయనే పంపించాడట. టీవీలో రాసుకుంటూ పోయారు, గుడి మీదికి కారుతో దూసుకెళ్లిన మహిళ, కావాలనే తొక్కినట్టు నిర్ధారించిన యంత్రం. భర్తతో గొడవలని ఒకడు, మతి చలించిందని ఇంకొకడు. చచ్చిపోయిన పిల్లను మళ్లీ చంపడానికి ఊరికి ఎంతసేపు కావాలి?

భ్రమరాంబ రెండు రోజులు పక్క మీంచి లేవలేదు. రామగోపాలం ఏమీ అడగలేదు. గంజి కాచి పక్కన పెట్టేవాడు, తీసేవాడు. ఏమీ అడగని మనిషి పక్కన ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది ఆవిడకు.

మూడోనాటి మధ్యాహ్నం శ్రీకర్ వచ్చాడు. ఎర్రటి ఎండలో నడిచి వచ్చాడు. రామగోపాలం గేటు తీసి, వరండాలో కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చాడు. శ్రీకర్ కూర్చోలేదు, నీళ్లు తాగలేదు. భ్రమరాంబ గోడ పట్టుకుని బయటికి వచ్చేదాకా ఆగాడు.

"మేడంగారూ, తను కావాలని తొక్కలేదండి," అన్నాడు. గొంతులో కోపం లేదు. అడుక్కునేవాడి గొంతు అది. "మిమ్మల్ని చూసి బెదిరింది. కాలు జారింది. ఆ యంత్రాన్ని చేసింది మీరు కదండీ, అది తప్పు చెప్పిందని మీరొక్క మాట చెప్తే చాలు. వాళ్లమ్మా నాన్నా బయటికి రాలేకపోతున్నారు. మీరు నమ్మరని తెలుసు. నన్నూ నమ్మలేదు. అయినా వచ్చాను."

ఏమని చెప్పాలి? యంత్రం పొరబడిందంటే సరిపోతుంది. పొరపాటు జరిగిందంటే ఊరు జాలి పడుతుంది, ల్యాబు సరిదిద్దుకుంటుంది, శ్రీకర్ దండం పెట్టి వెళ్లిపోతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పొరపాటన్నది కోర్టులో శ్రీకర్ చెప్పుకున్న మాటేనని గుర్తుకొచ్చి ఆగిపోయింది.

"నమ్మాను," అంది. "నిన్ను కూడా నమ్మాను శ్రీకర్. నీ కాలు జారిందని ఆ యంత్రం ఎప్పుడో చెప్పింది. నేనే దాని లెక్క మార్చాను. నువ్వు కావాలని చంపావని అనేదాకా మారుస్తూ కూర్చున్నాను. ఆ లెక్కే నీ భార్య మీద పడింది."

రామగోపాలం వరండా స్తంభాన్ని ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"నా తప్పు కాదని తెలిసి కూడానా? ఎందుకండీ?" అన్నాడు శ్రీకర్.

"పిల్ల పోయాక నాకు నీ మీద కోపం ఒక్కటే మిగిలింది. నీ తప్పు లేదంటే అది కూడా పోతుంది. ఇంక దేన్ని పట్టుకుని బతకను?"

భ్రమరాంబ లోపలికి వెళ్లి ఫోను తెచ్చింది. ఇన్‌స్పెక్టరుకు ఫోను చేసి, శ్రీకర్‌కు వినబడేలా మొత్తం చెప్పింది. కుందన కాలు జారిందని, లెక్క మార్చింది తనేనని, తెలిసే మార్చిందని, ఎవరి కోసం మార్చిందో, ఆ గుడే ఎందుకు ఎంచుకుందో, ఏదీ దాచకుండా చెప్పింది. మీరక్కడే ఉండండి, వస్తున్నాం అన్నాడు ఇన్‌స్పెక్టరు. రామగోపాలం లేచి ఆవిడ పాత చెప్పులు తెచ్చి మెట్ల దగ్గర పెట్టాడు.

శ్రీకర్ అంతా విన్నాడు. "మంచిదండి. తన మీద మాట పోతుంది," అన్నాడు. మెట్లు దిగి, మళ్లీ ఆగాడు. "ఇన్నాళ్లూ మీ అమ్మాయి నా వల్లే పోయిందని పొద్దున్న లేచి ఆ పిల్లకు దండం పెట్టుకునేవాణ్నండి. మీరు మన్ను పోసినా తప్పు లేదనుకున్నాను. ఇప్పుడు నాకూ మీకు మిగిలిందే మిగిలింది."

భ్రమరాంబ అతని మొహం వైపు చూసింది. చెప్పేసింది కదా, జైలుకు కూడా పోతోంది కదా, అక్కడ కోపం ఏమైనా తగ్గిందేమోనని చూసింది. తగ్గలేదు. తగ్గదని ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.